మందార మొదట్లో కలుపు

శ్రీకంఠశాస్త్రిగారికి ఒక అలవాటుంది. ప్రశ్న అడిగినవాడికి ముందు పని చెబుతారు, జవాబు తర్వాత. హైదరాబాదులో ఒక పాత అపార్ట్‌మెంటు పై అంతస్తులో వారి కాపురం. ఆదివారం ఆదివారం ఉపనిషత్తు పాఠానికి వచ్చే సోమేశ్వరానికి డాబా మీది పూలకుండీల సేవ అప్పగించి చాలా కాలమైంది.

ఆ ఆదివారం సోమేశ్వరం పుస్తకం తెరవలేదు. "గురువుగారూ, ఉద్యోగం మానేస్తున్నాను. రేపే ఆఫీసులో చెప్పేస్తాను. ఏదైనా పల్లెకు పోయి బతుకుతాను" అన్నాడు.

కారణం చెప్పడానికి కాస్త సిగ్గుపడ్డాడు. చిన్నప్పుడు తొలకరి పడగానే వాళ్ళ నాయనమ్మ అటికమామిడి అనే ఆకుకూర కోసుకొచ్చి పప్పులో వేసేది. పిల్లలందర్నీ చుట్టూ కూర్చోబెట్టుకుని, నెయ్యి వేసి కలిపి, చేతుల్లో ముద్దలు పెట్టేది. ఆవిడ పోయి ఎన్నేళ్ళయినా ఆ ముద్ద కోసం అతని ప్రాణం కొట్టుకుంటూనే ఉంది.

"ఏ బజారులోనూ ఆ ఆకు లేదండీ. ఈ సిమెంటు ఊళ్ళో మట్టికీ నాకూ రుణం తీరిపోయింది. పల్లెకు పోతానన్నప్పట్నుంచీ మా ఆవిడ నాతో మాట్లాడటం మానేసింది. మీరైనా చెప్పండి, పోనా వద్దా?"

"ఇవాళ ఇక్కడే భోంచేద్దువుగాని. ఈలోగా కుండీలు బాగుచేసిరా" అన్నారు శాస్త్రిగారు.

సోమేశ్వరం కసిగా కలుపు పీకాడు. మందార మొదట్లో పాకే ఎర్రకాడల తీగంటే అతనికి మొదట్నుంచీ ఒళ్ళుమంట. ఎన్నిసార్లు పీకినా వాన పడితే మళ్ళీ లేచి కూర్చుంటుంది. బుట్ట నింపి ఎప్పటిలాగే వంటింటి గుమ్మంలో పెట్టి, పాఠానికి కూర్చున్నాడు.

గురుపత్ని రాజ్యలక్ష్మమ్మగారు వడ్డించారు. పప్పన్నం మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్న సోమేశ్వరానికి చెయ్యి ఆగిపోయింది. నాయనమ్మ గాజుల చప్పుడు, పెరట్లో తడిమట్టి, పెద్ద ముద్ద కోసం తమ్ముడితో తగవు, అన్నీ ఒక్కసారిగా గుర్తుకొచ్చాయి. అంత పెద్దవాడూ విస్తరి ముందు కూర్చుని పసిపిల్లాడిలా ఏడ్చాడు.

"ఎక్కడ దొరికిందమ్మా ఈ ఆకు?"

ఆవిడ తెల్లబోయారు. "ఎక్కడేమిటి నాయనా! నువ్వు ఇందాక గుమ్మంలో పెట్టిందేగా. వానాకాలమంతా నీ పుణ్యమా అని మాకు ఇదే పప్పు."

సోమేశ్వరం ఆ ఆకును పప్పులో చూశాడే గాని, మట్టిలో ఎన్నడూ చూడలేదు. పప్పన్నం మెతుకు మిగలకుండా తిన్నాడు. చివరికి నెమ్మదిగా అడిగాడు.

"ఇంతకీ నన్ను పల్లెకు వెళ్ళమంటారా గురువుగారూ?"

శాస్త్రిగారు మజ్జిగ పోసుకుంటూ అన్నారు. "నిక్షేపంగా వెళ్ళు. అక్కడ మాత్రం పీకేముందు ఒకసారి దాని మొహం చూడు."