పేపర్లో పడ్డ అవ్వ

దర్గా చూసుకునే ఖాదర్ తాత దగ్గర శిష్యుడిగా చేరకముందు దస్తగిరి కొన్నాళ్ళు ఒక పత్రికలో విలేకరిగా పనిచేశాడు. మనసు విరిగి మానేశాడు. దర్గా చిమ్మడం, వచ్చినవాళ్ళకు అన్నం వడ్డించడం నేర్చుకున్నాడు గానీ, పొద్దున్నే పేపర్లు చదివే అలవాటు మాత్రం పోలేదు. తాతకు చూపు మందగించాక పైకి చదివి వినిపించేవాడు.

కాలువ నీళ్ళ కోసం టౌన్లో ప్రతిపక్షం వాళ్ళు పెద్ద ధర్నా చేశారు. మర్నాడు దస్తగిరి మూడు పేపర్లు తెచ్చి చాప మీద పక్కపక్కనే పరిచాడు. చదివేకొద్దీ అతనికి కోపం పెరిగింది.

"చూడు తాతా. ఇందులో జనం వేలల్లో వచ్చినారంట. దీంట్లో గట్టిగా లెక్కేస్తే రెండొందల మంది లేరంట. రోడ్డు మీద పడిపోయిన ముసలామె ఫోటో రెండిట్లోనూ వేసినారు. పోలీసులు తోసినారని ఒకడు రాసినాడు. కార్యకర్తలే తొక్కినారని ఇంకొకడు. మూడో పేపరోనికి ఆమె కనపడనే లేదు. బస్సులు ఆగి ప్రయాణికులు ఇబ్బంది పడినారంట, అంతే."

దస్తగిరి పేపర్లు పక్కకు నెట్టాడు.

"నేనూ ఈ పని చేసినోన్నే. ఎవడు ఏ మాట ఎందుకు వాడినాడో చదవంగానే చెప్తాను. చెప్పి ఏం లాభం? అందరూ అబద్ధాలోళ్ళే. నిజమనేది యాడా లేదు తాతా."

"ఆ ముసలామె పేరేంది?" అని అడిగాడు తాత.

దస్తగిరి వెతికాడు. "రాయలేదు తాతా."

"ఇప్పుడెట్లుందంట?"

"అదీ లేదు."

తాత చేతికర్ర అందుకుని లేచాడు. "పద. చూసొద్దాం."

పెద్దాసుపత్రిలో 'ధర్నాలో పడినామె' అనగానే నర్సు ఆడవాళ్ళ వార్డు వైపు చెయ్యి చూపింది. కిటికీ పక్క మంచం మీద, మోకాలి దాకా కట్టుతో, చిన్న మనిషి పడుకుని ఉంది. పేరు సుంకులమ్మ. పక్కన ఎవరూ లేరు.

దస్తగిరి స్టూలు లాక్కుని కూర్చున్నాడు. పాత పని ఒంట్లోకి వచ్చేసింది.

"నిన్నెవరు తోసినారవ్వా? పోలీసులా, పార్టీ వాళ్ళా?"

"వెనకనుంచి తగిలింది నాయనా. నాకు వీపున కండ్లుండాయా?"

"నువ్వు ఏ పార్టీ తరఫున వచ్చినావు?"

"నీళ్ళ కోసం వచ్చినా. జెండా ఎవరిదో చూసుకోలేదు."

"జనం ఎంతమంది ఉన్నారు?"

అవ్వ పెదాలు తడుపుకుని అటు తిరిగింది. దస్తగిరి విసుగ్గా తాత కోసం చూశాడు. తాత అక్కడ లేడు.

వరండా చివర కొళాయి దగ్గర, జనం వరసలో, ఒక చేత కర్ర, ఒక చేత ఖాళీ ప్లాస్టిక్ సీసాతో నిలబడి ఉన్నాడు. అవ్వ మంచం కింద ఉన్న సీసా అది. ఇంతసేపూ దస్తగిరి చెప్పుకు తగులుతూనే ఉంది.

దస్తగిరి లేచి పరుగున వెళ్ళి సీసా అందుకున్నాడు. తాత గోడవారన అరుగు మీద కూర్చుని చెమట తుడుచుకున్నాడు.

వరస మెల్లగా కదిలింది. నీళ్ళు పట్టుకొచ్చి, అవ్వ తల కింద చెయ్యి పెట్టి లేపి తాగించాడు. ఆమె సగం సీసా ఒక్క బిగిన తాగింది. తర్వాత అతను ఏమీ అడగలేదు. ఊరికే కూర్చున్నాడు.

కాసేపటికి అవ్వే మొదలుపెట్టింది.

"పడినాక నాకేం తెలీలేదు. కండ్లు తెరిస్తే ఒక పోలీసు పిల్లోడు నన్ను రెండు చేతుల మీద మోసుకుపోతా ఉండాడు. ఆటోలో నా కాలు కదలకుండా పట్టుకున్నోడేమో మెడలో పార్టీ కండువా ఏసుకున్నాడు. దారంతా ఇద్దరూ తిట్టుకుంటానే ఉండారు. కాలు మాత్రం వదల్లేదు. డాక్టరు వచ్చిందాకా ఉండి, ఆనక పోయినారు. వాళ్ళ పేర్లడగనన్నా అడగలేదు నేను."

దస్తగిరి ఆమె ముఖం వైపే చూస్తూ విన్నాడు. ఈ సంగతి మూడు పేపర్లలో ఎక్కడా లేదు. చాలా రోజుల తర్వాత అతనికి రాయాలనిపించింది.

వరండాలో గోడకానుకుని, దొరికిన కాగితం మీద గబగబా రాశాడు. తాత దగ్గరికి తెచ్చాడు.

"నా పాత స్నేహితుడొకడు వారపత్రిక నడుపుతున్నాడు తాతా. ఇస్తే వేసుకుంటాడు. విను, చదువుతా."

"నాకెందుకురా? ఆమెకు చదువు" అన్నాడు తాత. "ఆమె ఔనన్నాక అచ్చుకియ్యి."

దస్తగిరి తిరిగి మంచం దగ్గరికి వెళ్ళి, నెమ్మదిగా చదివాడు. 'ఒక యువ కానిస్టేబులు ధైర్యంగా ముందుకొచ్చి ఆమెను ఎత్తుకున్నాడు' అన్న చోట అవ్వ చెయ్యి ఎత్తింది.

"ధైర్యం యాడిది నాయనా? ఆ పిల్లోడు ఏడుస్తా ఉండె. మా అవ్వ గూడా ఇంతే తేలిగ్గా ఉంటాది అన్నాడు."

దస్తగిరి 'ధైర్యంగా ముందుకొచ్చి' అన్నది కొట్టేశాడు. పైన ఆమె చెప్పింది చెప్పినట్టే రాశాడు.

"ఇంకా ఏమన్నా తప్పు రాసినానా అవ్వా?"

"కూచో నాయనా, చెప్తా" అంది సుంకులమ్మ.