కుసుమ కాళ్ళకు అందిన సైకిలు

ఇటు తిరిగి పడుకో. దుప్పటి కాళ్ళ దాకా లాక్కున్నావా? సరే, విను.

అనగనగా, కొండ నడుముకి అతికించినట్టు ఒక పల్లె. దాని పేరు జారుమిట్ట. ఆ పల్లెలో చదునైన చోటంటూ లేదు. పై వీధిలో ఎవరి చేతిలోంచైనా నిమ్మకాయ జారిందంటే, అది దొర్లుకుంటూ దొర్లుకుంటూ కింది వీధిలో ఎవరి వాకిట్లోకో చేరేది. వాళ్ళు అడక్కుండా వచ్చిందని సంతోషపడి పప్పులో పిండుకునేవాళ్ళు.

ఆ పల్లెలో రెడ్డెప్ప అని ఒక రైతు ఉన్నాడు. టమాటా పండించేవాడు. అతని భార్య నాగవేణి. వాళ్ళకు ఒక్కతే కూతురు, కుసుమ.

రెడ్డెప్పకు ఒక అలవాటుంది. కూతురికి ఏం కొన్నా పెద్దది కొంటాడు. పెరిగే పిల్ల కదా అంటాడు. గౌను కుట్టిస్తే అందులో ఇంకో పిల్ల కూడా పట్టేది. చెప్పులు కొంటే కుసుమ ముందు వచ్చేది, చెప్పులు కాసేపాగి వచ్చేవి.

ఎందుకంటావా? చిన్నప్పుడు అతను బిగుతు చొక్కాల్లో, చాలీచాలని నిక్కర్లలో బడికి పోయాడు. తన బిడ్డకు ఏదీ చాలకుండా పోకూడదని పట్టు పట్టాడు. అది ప్రేమే. కాకపోతే కొంచెం వదులు ప్రేమ.

అట్లా ఉండగా కుసుమ ఏడో తరగతి పాసయింది. పల్లెలో బడి అక్కడితో సరి. హైస్కూలుకు పోవాలంటే కొండ దిగాలి, వాగు దాటాలి, మళ్ళీ అవతలి మిట్ట ఎక్కాలి. అంతా రాళ్ళ దోవ. బస్సు రాదు. ఆటోవాళ్ళు ఆ దోవని చూసి దండం పెట్టి వెనక్కి తిరిగేవాళ్ళు. నడిచిపోతే చేరేసరికి సగం బడి అయిపోతుంది, ఇల్లు చేరేసరికి చీకటి పడుతుంది.

అప్పుడు నాగవేణి, పిల్లని టౌనులో హాస్టల్లో వేద్దామంది.

కుసుమ పోనంది. అమ్మ మీద కాలు వేసుకుని పడుకుంటే తప్ప నిద్ర పట్టని పిల్ల అది. ఆ రాత్రి సంగటి ముద్ద ముందు కూచుని ముట్టుకోకుండా ఏడ్చింది. సంగటిని కుసుమ ముట్టుకోలేదంటే విషయం పెద్దదేనని ఇంట్లో ఇద్దరికీ అర్థమైంది.

తెల్లారి కుసుమే ఒక దారి చెప్పింది. లావు టైర్లు, గేర్లు ఉండే సైకిళ్ళొస్తున్నాయట. రాళ్ళ మీదా పోతాయట, మిట్టా ఎక్కుతాయట. అట్లాంటిది ఒకటుంటే రోజూ ఇంటి నుంచే పోయొస్తానంది.

నాగవేణి ఆలోచించి ఒక మాట చెప్పింది. "వినాయక చవితి దాకా చూస్తా. పొద్దు ఉండగానే బడి నుంచి ఇంటికి రాగలిగితే సరే. లేదంటే పండగ మర్నాడే హాస్టలు."

ఆ ఏడు టమాటా బాగా పలికింది. రెడ్డెప్ప కొంత డబ్బు పక్కన పెట్టుకుని, టమాటా బండెక్కి టౌనుకు పోయాడు.

టౌనులో మస్తాను సైకిలు కొట్టుంది. మస్తాను మంచివాడే. కాకపోతే వచ్చినవాళ్ళు దేన్ని చూస్తే, అదే కొట్టు మొత్తానికీ మంచి సైకిలంటాడు. రెడ్డెప్ప ఏం చూశాడు? అన్నిటికన్నా ఎత్తున్నదాన్ని చూశాడు. చక్రాలు పెద్దవి, సీటు అతని ఛాతీ దాకా ఉంది. మస్తాను అదే మంచిదన్నాడు. రెడ్డెప్ప కొనేశాడు.

సైకిలు బండి దిగింది. ఊరంతా చూడటానికొచ్చింది. కుసుమ అరుగు మీద నిలబడి, అక్కణ్ణుంచి సీటు మీదికి చేరింది. పెడల్సు అందాయి, బొటనవేళ్ళతో. నేల మాత్రం అందలేదు.

బ్రేకు లేదా అంటావా? ఉంది. బ్రేకు వేస్తే సైకిలు చక్కగా ఆగేది. ఆగాక కాలు పెట్టడానికి నేల ఉండాలి కదా. అది చాలా కింద ఉండేది. అందుకని కుసుమ ఆగాలంటే, పట్టుకోవడానికి ఏదో ఒకటి చూసుకోవలసి వచ్చేది.

మొదటి రోజు బట్టలారేసిన దండెం పట్టుకుంది. దండెం తెగింది. కుసుమ పక్కింటాయన పంచె కప్పుకుని ఇల్లు చేరింది.

రెండో రోజు గడ్డివామిని పట్టుకుంది. అప్పటికే అక్కడ ఒక ఆవు మేస్తోంది. ఆవు ఏమీ అనలేదు గానీ, ఆ పూట పాలివ్వలేదు.

మూడో రోజు వాగు గట్టున చెట్టు పట్టుకుని దిగి, అవతల బండ మీంచి మళ్ళీ సీటెక్కి, బడి దాకా పోయింది. అక్కడ ఆవరణలో పట్టుకోవడానికి ఏదీ కనపడలేదు. పడితే మోకాలు పగులుతుందని భయపడి, బడి చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. ప్రార్థన అయిపోయింది. పిల్లలు క్లాసుల్లోకి పోయారు. కిటికీలోంచి చూస్తే కుసుమ ఇటు నుంచి అటు పోతోంది, కాసేపటికి మళ్ళీ ఇటు నుంచే అటు పోతోంది. అప్పుడు హెడ్మాస్టరు వరండాలోకి వచ్చి, ఏమమ్మా లోపలికి రావా అని అడిగాడు.

"వస్తాను సార్. దిగడం కుదర్లేదు," అంది కుసుమ, మర్యాదగా ఆయన్ని దాటిపోతూ.

చివరికి డ్రిల్లు మాస్టరు పరిగెత్తి సైకిలుని వెనకనుంచి పట్టుకున్నాడు. పట్టుకున్నాక ఆయన పడ్డాడు. ఆయన మీద కుసుమ పడింది. ఇద్దరి మీదా సైకిలు పడింది.

నాగవేణి కూతురి మోకాలికి పసుపు పెట్టి, భర్త వైపు చూసింది. మగవాళ్ళకు కొనడం చేతకాదని, ఈసారి తనే పోతానని చెప్పింది.

ఆ తర్వాత నాగవేణి టౌనుకు పోయింది. మట్టి తొక్కిన సైకిలు పాతదేనని మస్తాను కొంత డబ్బు కోసుకుని దాన్ని వెనక్కి తీసుకున్నాడు. నాగవేణి కొట్టంతా తిరిగింది. బిందెలు కొనేటప్పుడు మోగించినట్టు ఒక్కో సైకిలునీ వేలితో కొట్టి చూసింది. ఒకటి గట్టిగా మోగింది. ఎత్తు తక్కువ, కానీ మహా బరువు. ముందు ఒక స్ప్రింగు, సీటు కింద ఇంకో స్ప్రింగు, చూడ్డానికి చిన్న సైజు మోటారు సైకిలులా ఉంది. బరువున్నది గట్టిగా ఉంటుంది కదా అంది. మస్తాను అదే మంచిదన్నాడు. నాగవేణి కొనేసింది.

ఈసారి కుసుమ కాళ్ళు నేలకి అందాయి. ఇల్లంతా సంతోషించింది.

మర్నాడు కుసుమ క్యారేజీలో పెరుగు పెట్టుకుని బయల్దేరింది. రాళ్ళ దోవలో ఆ సైకిలు ఎగిరింది, దిగింది, మళ్ళీ ఎగిరింది. మధ్యాహ్నం మూత తీసి చూస్తే, పైన వెన్న ముద్ద తేలుతోంది, అడుగున మజ్జిగుంది. సాయంత్రం ఆ వెన్న చూసి నాగవేణి మురిసిపోయింది. కవ్వం పని తప్పిందని పొరుగింటికి పోయి చెప్పుకుంది కూడా.

కానీ ఆ సాయంత్రం కుసుమ ఇంటికొచ్చేసరికి పొద్దు పోయింది. ఎందుకంటే మిట్టెక్కేటప్పుడు ఎంత తొక్కినా సగం బలం స్ప్రింగులే మింగేవి. సైకిలు నిలబడ్డ చోటే ఒంటెలాగా ఊగేది. దిగి తోద్దామంటే, గేదెని తోసినట్టుండేది. వాగు దగ్గర ఇంకా కష్టం. నీళ్ళలో బండల మీదుగా దాన్ని ఎత్తుకుని దాటాలి. కుసుమ ముందు చక్రం ఎత్తితే వెనక చక్రం కదలదు, వెనక చక్రం ఎత్తితే ముందుది తిరిగి తననే చూస్తుంది.

రెండో రోజూ చీకటి పడింది. మూడో రోజు పల్లెలో సగంమంది టార్చి లైట్లు పట్టుకుని ఎదురు పోయారు. వాగు మధ్యలో బండ మీద కుసుమ కూచుని ఉంది. పక్కనే సైకిలు. ఇద్దరూ అలిసిపోయి ఉన్నారు.

పండగ దగ్గర పడింది. నాగవేణి అటక మీదినుంచి రేకు పెట్టె దించి తుడిచింది. కుసుమ అది చూసింది. ఆ రాత్రి బాగా ఆలోచించుకుని, తెల్లారి అమ్మా నాయనా ఉన్న చోటికి పోయింది.

"నాయనా, సైకిలు మీరిద్దరూ చెరొకటి కొన్నారు. తొక్కేది నేను. ఈసారి నన్ను తీసుకుపోండి."

మొగుడూ పెళ్ళాం మొహాలు చూసుకున్నారు. ఆ మాట ఇద్దరికీ ఇన్నాళ్ళూ తట్టలేదు.

అప్పుడు ముగ్గురూ కలిసి, సైకిలుని బండిలో వేసుకుని టౌనుకు పోయారు. మస్తాను మళ్ళీ కొంత కోసుకున్నాడు. మిగిలిన డబ్బుకు కొత్తవాటిలో ఏదీ రాదని కూడా చెప్పాడు. కుసుమ కొట్టంతా వెతికింది. పాత టైర్ల వెనకాల ఒక సైకిలు కనపడింది. ఎవరి పిల్లాడో ఎదిగిపోయి వదిలేసినది. ముదిరిన బెండకాయ రంగు, అక్కడక్కడా పెచ్చులూడింది. బెల్లు కొడితే కప్పలాగా ఒక్కసారి బెకబెకమని ఊరుకుంది.

అది మంచి సైకిలేనా అని రెడ్డెప్ప అడిగాడు. మస్తాను అలవాటు కొద్దీ అదే మంచిదన్నాడు.

కుసుమ ఆ మాట వినలేదు. సైకిలుని బయటికి లాగి, కమ్మీకి చెరోపక్క కాలు వేసి నిలబడింది. రెండు పాదాలూ నేల మీద పూర్తిగా ఆనాయి. కమ్మీకీ తనకీ మధ్య జానెడు లేదు గానీ, చెయ్యి దూరేంత చోటుంది. ఆ తర్వాత బ్రేకు పట్టి చూసింది. వేళ్ళు సాగదీయకుండానే అందింది. ఆ తర్వాత వాగు దాటేటప్పటి సంగతి గుర్తు చేసుకుని, సైకిలుని రెండు చేతులతో ఎత్తి భుజానికి తగిలించుకుంది. తగిలించుకుని కొట్టు ముందు అటూ ఇటూ నడిచింది. దానికి సీటు కింద స్ప్రింగు లేదు. ముందు మాత్రం ఒకటుంది, అదీ పొదుపుగానే ఊగుతోంది.

అంతటితో ఆగిందా? కొట్టు ఎదురుగా టమాటా మండీ ఉంది. మండీలోకి బండ్లు ఎక్కడానికి సిమెంటు ఏటవాలు దోవ ఒకటుంది. కుసుమ చిన్న గేరు వేసుకుని దాని మీదికి తొక్కింది. బుట్టలు మోసేవాళ్ళు పక్కకు తప్పుకున్నారు. కుసుమ పైదాకా పోయి, అక్కడ ఆగి, కాలు కింద పెట్టి, మళ్ళీ దిగి వచ్చింది.

రెడ్డెప్ప సైకిలు చుట్టూ తిరిగాడు. అతని మొహంలో సంతోషం లేదు.

"పాపా, ఇది నీకు సరిగ్గా సరిపోయింది," అన్నాడు, ఏదో తప్పు కనిపెట్టినట్టు.

"అవున్నాయనా."

"అదే నా బాధ. రెండేళ్ళు పోతే చాలదు."

"నేను బడికి పోవాల్సింది ఈ సోమవారం నాయనా. రెండేళ్ళు పోయాక కాదు."

అప్పుడు మస్తాను సీటు కింద మర వదులు చేసి, సీటు జానెడు పైకి లేస్తుందని చూపించాడు. రెడ్డెప్ప దాన్ని తన జానతో కొలుచుకున్నాడు. నమ్మకం కుదరక ఇంకోసారి కొలుచుకున్నాడు. ఆ తర్వాత డబ్బు తీసిచ్చాడు.

సోమవారం వచ్చింది. పండగ మర్నాడే. ఆ ఒక్క రోజు చూస్తానంది నాగవేణి. కుసుమ పొద్దున్నే పోయింది.

సాయంత్రం నాగవేణి చేటలో బియ్యం పోసుకుని వాకిట్లో కూచుంది. రాళ్ళు ఏరుతున్నట్టే ఉంది గానీ, చూపంతా కింద వాగు మీదే. పొద్దు కొండ మీదికి వాలుతోంది. ఏరిన రాళ్ళని మళ్ళీ బియ్యంలోనే వేస్తుంటే రెడ్డెప్ప చూశాడు, చెప్పలేదు.

అప్పుడు వాగు దగ్గర ఏదో కదిలింది. కుసుమే. సైకిలుని భుజాన వేసుకుని బండ మీదినుంచి బండ మీదికి దాటుతోంది. దాటాక ఎక్కింది. చిన్న గేరులో, గండుచీమ పాకినట్టు మిట్టెక్కడం మొదలుపెట్టింది. ఎక్కుతోంది, ఎక్కుతోంది, సైకిలు దిగడం లేదు.

సరిగ్గా మలుపులో, అన్నిటికన్నా నిటారుగా ఉన్న చోట, మేకల మంద అడ్డమొచ్చింది. నాగవేణి చేట పక్కన పెట్టి లేచి నిలబడింది. కుసుమ బ్రేకు వేసింది. రెండు కాళ్ళూ నేల మీద పెట్టి నిలబడింది. మేకలు నింపాదిగా దాటాయి. ఒక మేక టైరు రుచి కూడా చూసింది. మంద పోయాక కుసుమ మళ్ళీ తొక్కుకుంటూ బయల్దేరింది.

ఇంటిముందుకొచ్చి ఆగేసరికి, గోడ మీద ఇంకా ఎండ ఉంది.

నాగవేణి ఆ ఎండని చూసింది, కూతుర్ని చూసింది, గబగబా లోపలికి పోయి సంగటి కెలికింది. హాస్టలు మాట ఎత్తలేదు. ఆ రోజే కాదు, ఆ తర్వాత ఎప్పుడూ ఎత్తలేదు. కుసుమ ఆ పూట రెండు ముద్దలు తిని మూడోది అడిగింది.

తిని బయటికొచ్చేసరికి రెడ్డెప్ప సైకిలు దగ్గర నిలబడి ఉన్నాడు. బెల్లు ఒకసారి మోగించాడు. సీటు మీద చెయ్యి వేశాడు, తీశాడు. ఆ తర్వాత ఎటో చూస్తూ, తనొకసారి ఎక్కి చూడనా అని అడిగాడు.

ఎక్కు నాయనా అంది కుసుమ.

"ఎక్కుతా గానీ, నాకు తొక్కడం రాదు పాపా. చిన్నప్పుడు నేర్పేవాళ్ళు లేరు."

కుసుమ నవ్వలేదు. నాయన్ని సీటు మీద కూచోబెట్టింది. అతని మోకాళ్ళు గడ్డం దాకా వచ్చాయి. కుసుమ వెనకనుంచి సీటు గట్టిగా పట్టుకుని, ముందుకు చూడమంది, కిందికి చూడొద్దంది, తొక్కమంది. రెడ్డెప్ప తొక్కాడు. సైకిలు పాములాగా మెలికలు తిరిగింది. కుసుమ వెనకాలే పరిగెత్తింది.

"వదలొద్దు పాపా," అంటున్నాడు రెడ్డెప్ప.

"వదల్లేదు నాయనా," అంది కుసుమ. ఆ మాట చాలా దూరం నుంచి వినపడింది.

రెడ్డెప్ప కింది వీధి దాకా పోయాడు. అక్కడ కాళ్ళు రెండూ నేల మీద పెట్టి ఆగాడు. ఆగి, సైకిలు దిగకుండా అట్లాగే నిలబడి, ఒక్కడే నవ్వుకుంటున్నాడు. కుసుమ రొప్పుకుంటూ పరిగెత్తి వచ్చేసరికి, మీసాలు తుడుచుకుని, ఇంకొక్కసారి పట్టుకుంటావా అని అడిగాడు.

కథ వెళ్ళింది కంచికి,
సైకిలు చేరింది పంచకి,
నువ్వు జరక్కు మంచం అంచుకి.