సూర్యుడికి నల్లమచ్చలు ఎలా వచ్చాయి?

ఒకప్పుడు సూర్యుడి ఒంటి మీద ఒక్క మచ్చ కూడా ఉండేది కాదు. కానీ ఏళ్ల తరబడి ఒకటే ఉడుకు. ఆ సెగకి పైగాలి పూరీలా ఉబ్బిపోయి, ఎక్కడో పైకి పోయి కూర్చుంది. మబ్బులు నిలిచేవి కావు. వాన పడేది కాదు.

సముద్రం ఒడ్డున పైడమ్మ అనే అవ్వ ఉప్పుమడులు చేసుకునేది. ఆ ఎండకి ఉప్పు బాగానే పండేది. గుట్టలు గుట్టలుగా పోసింది. కానీ తాగడానికి నీళ్లేవి? బావి ఎండింది. ఇంట్లో కోడలు పచ్చి బాలింత. కుండలో రెండు చెంబుల నీళ్లే మిగిలాయి.

"ఇక ఊరుకుంటే లాభం లేదు," అనుకుంది పైడమ్మ. మర్నాడు తెల్లారేసరికి వెళ్లి సముద్రంలో మోకాలి లోతున నిలబడింది. ఆ రోజుల్లో సూర్యుడు అక్కడే, చేతికందేంత దగ్గర్లో పైకొచ్చేవాడు.

"ఆగు నాయనా! పసిగుడ్డున్న ఇల్లు. మమ్మల్నిలా మాడ్చేస్తావేం?"

సూర్యుడు బిక్కమొహం పెట్టాడు. "కావాలని చేస్తున్నానా అవ్వా? ఒళ్లంతా కుతకుతమంటోంది. ఎలా చల్లారాలో నాకే తెలీదు."

పైడమ్మకి కోపం దిగిపోయింది.

"ఓరి పిచ్చి తండ్రీ, ముందే చెప్పొద్దూ!"

గబగబా ఒడ్డుకెళ్లి ఉప్పుమడి అడుగునుంచి చల్లటి నల్లబురద గుప్పెళ్లతో తీసుకొచ్చి, ఉడుకుతున్న చోటల్లా పట్టు వేసింది. అరచేతులు బొబ్బలెక్కాయి. అయినా చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

"హమ్మయ్య!" అన్నాడు సూర్యుడు. బురద లోపలికి ఇంకిపోయింది. ఉడుకు తగ్గింది.

"అబ్బ, ఇప్పటికి ఊపిరాడింది!" అంటూ గాలి కిందికి దిగి, సముద్రం మీదనుంచి మబ్బుల్ని తోలుకొచ్చింది. మధ్యాహ్నానికి కుండపోత!

"అత్తా, ఉప్పు! ఉప్పంతా కరిగిపోతోంది!" కోడలు గుమ్మంలోంచి కేకేసింది.

"పోనీయవే! ముందు ఆ కుండ ఇలా అందుకో!" అంది పైడమ్మ, బొబ్బలెక్కిన చేతులు వానకి పట్టి నవ్వుతూ.

కొన్నేళ్లకి సూర్యుడికి మళ్లీ ఉడుకెక్కింది. లోపలికి ఇంకిన బురద మచ్చలు మచ్చలుగా పైకి తేలింది. గాలి చూసింది. "ఇదిగో, ఈయనకి మళ్లీ మొదలైంది!" అంటూ కాస్త ఉబ్బి, కాస్త పైకి జరిగింది. కానీ ఈసారి భయపడి పారిపోలేదు. మచ్చలు మెల్లమెల్లగా ఉడుకంతా లాగేశాయి.

అప్పటినుంచే పదకొండేళ్లకోసారి, ఇంచుమించుగా, సూర్యుడికి నల్లమచ్చలు పొడుచుకొస్తాయి, ఆనక మానిపోతాయి. ఆయన ఉడికితే పైగాలి ఉబ్బుతుంది, చల్లారితే దిగుతుంది. కింద మన ఎండా వానా కూడా ఆయన ఒంట్లో ఎలా ఉందో కనిపెట్టుకుని కాస్త అటూ ఇటూ అవుతూనే ఉంటాయి.