గానుగెద్దు తిప్పిన వంటింటి బోరు

గుండ్లవంకలో గానుగాడించే పుల్లప్ప ఇంట్లో ముగ్గురు మగవాళ్ళు. పుల్లప్ప, ఆయన తమ్ముడు ఓబులప్ప, పుల్లప్ప కొడుకు తిరుపాలు. ముగ్గురికీ ఒకటే దిగులు. ఊళ్ళో ఉన్న తెలివంతా వచ్చి తమ ఇంట్లోనే పోగుపడిందే, పాపం మిగతావాళ్ళు ఎట్లా బతుకుతున్నారో అని. పొద్దున్నే ఎద్దును గానుగకు కట్టేముందు కాసేపు కూర్చుని ఊరి మీద జాలిపడేవాళ్ళు. ఎవరికైనా నాలుగు మంచిమాటలు చెబుదామా అని తిరుపాలు అంటే పుల్లప్ప ఒప్పుకునేవాడు కాదు. తలా ఒక గరిటె పోసుకుంటూ పోతే నూనెకుండ ఖాళీ అవుతుంది, తెలివీ అంతే, దాచుకోవాలి అనేవాడు.

ఆ దాచుకున్న సరుకు ఎట్లాంటిదో చెబుతా వినండి. ఓబులప్పకు వయసులో ఉన్నప్పుడు పక్కూరి నుంచి ఒక సంబంధం వచ్చింది. ఒకసారి వెళ్ళి ఇల్లూ వాకిలీ చూసి రారా అన్నారు పెద్దవాళ్ళు. వెళ్ళాడు. ఇల్లు చూశాడు, వాకిలి చూశాడు, తిరిగొచ్చాడు. పిల్ల ఎట్లా ఉందిరా అని అడిగితే, పిల్లను చూడమని నాకెవరు చెప్పారు అని ఎగిరిపడ్డాడు. అంతే, ఆ పెళ్ళి అక్కడితో సరి. ఇప్పటికీ ఆయన బ్రహ్మచారే. అప్పుడే నవ్వుతున్నారా? ఆగండి, ఇంకా మొదలే కాలేదు.

తిరుపాలుకు మాత్రం పెళ్ళయింది. పెళ్ళాం పేరు కదిరమ్మ. మంచి పిల్ల, పని పిల్ల. అత్త లేని ఇల్లు కాబట్టి వంటా వార్పూ అన్నీ ఆ పిల్ల మీదే పడ్డాయి. అవన్నీ ఒక ఎత్తు, నీళ్ళొక ఎత్తు. ఊళ్ళో బావులన్నీ ఎండిపోయాయి. నీళ్ళు కావాలంటే ఊరవతల వంకకు పోయి, ఇసుకలో చెలమ తీసి, ఊరిన నీళ్ళు ముంతతో తోడి బిందె నింపుకుని రావాలి. నడుము పడిపోతోంది, రేపటి నుంచి నువ్వు కూడా నాతో రా అని మొగుణ్ణి అడిగింది. వెళ్ళాడు. చేతులూపుకుంటూ వెళ్ళి, చేతులూపుకుంటూ వచ్చాడు. బిందె మోయమని చెప్పలేదు కదా అన్నాడు. సరే, రేపు బిందె మొయ్యి అంది. మోశాడు. ఖాళీ బిందె వంక దాకా మోసి, మళ్ళీ ఖాళీ బిందెనే ఇంటి దాకా మోసుకొచ్చాడు. నీళ్ళు పట్టమని చెప్పలేదట!

కదిరమ్మకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పెట్టె సర్దుకుని గుమ్మంలో నిలబడి మామ ముందే తేల్చి చెప్పేసింది.

"పొయ్యి ముందు కూర్చుని నేను చెయ్యి చాపితే నీళ్ళు అందాలి మామా. ఆ రోజు కబురు పెట్టండి, వస్తాను. అప్పటిదాకా నన్ను పిలవొద్దు."

అట్లా పుట్టింటికి వెళ్ళిపోయింది. తిరుపాలుకు అన్నం సయించలేదు. ఎద్దు మెడ కావలించుకుని, అది వచ్చేట్టు లేదురా మల్లిగా అని ఏడ్చేవాడు. వాడి ఏడుపు చూసి పుల్లప్పకూ ఏడుపొచ్చింది, పుల్లప్పను చూసి ఓబులప్పకూ వచ్చింది. ఏడ్చి ఏడ్చి అలిసిపోయి, ముగ్గురూ తమ తెలివి బయటికి తీశారు.

పొయ్యి పక్కన నిండు బిందె ఒకటి పెడితే సరిపోయేది. మీకు తట్టింది, నాకు తట్టింది. అంత తెలివైనవాళ్ళకు ఎట్లా తడుతుంది? పుల్లప్ప ఏమన్నాడంటే, కోడలు చెప్పింది చెప్పినట్టు జరగాలి, పొయ్యికి చెయ్యంత దూరంలో బోరు వేయాలి అన్నాడు. మరి చెయ్యి ఎంత పొడవు? తిరుపాలు చెయ్యి చాపాడు. ఓబులప్ప ఒప్పుకోలేదు. అది నీ చెయ్యి, ఆ పిల్ల చెయ్యి కాదు, తేడా వస్తే పిల్ల రాదు అన్నాడు. ఇంకేముంది, ఒక దారప్పోగు పట్టుకుని కదిరమ్మ పుట్టింటికి బయలుదేరాడు.

వెళ్ళాడు, చెయ్యి చాపమ్మా అన్నాడు, భుజం నుంచి వేలి కొస దాకా కొలిచాడు, దారానికి ముడి వేసుకున్నాడు, మంచినీళ్ళు కూడా తాగకుండా తిరిగొచ్చాడు. గాజులకేమో, రవికకేమో అని కదిరమ్మ తల్లి మురిసిపోయింది. గాజులకు చెయ్యి పొడవు ఎందుకే అమ్మా అంది కదిరమ్మ. అంది గానీ, తన చెయ్యి కోసం ఆ ముసలాయన ఎండలో అంత దూరం నడిచొచ్చాడే అని ఆ పిల్ల మనసు మెత్తబడింది.

ముడి ఎక్కడికి వచ్చిందో అక్కడ వంటింట్లో గుర్తు పెట్టారు. పక్కూరి వాళ్ళను అడిగి చేతిబోరు సామాను తెచ్చుకున్నారు. చేతిబోరంటే తెలుసుగా, కింద కోసుకుపోయే మొన ఉన్న ఇనుప గొట్టం, దాని పైన అడ్డంగా ఒక కడ్డీ. మనుషులు ఆ కడ్డీని పట్టుకుని చుట్టూ తిరుగుతుంటే గొట్టం తిరిగి భూమిలోకి దిగుతుంది. పుల్లప్ప ఒక కొస పట్టుకున్నాడు, ఓబులప్ప రెండో కొస పట్టుకున్నాడు. తూర్పు మంచిది, తూర్పుకే తోద్దాం అన్నాడు పుల్లప్ప. ఇద్దరూ తూర్పుకే తోశారు. గొట్టం కదల్లేదు. బలం చాల్లేదని తిరుపాలు కూడా వచ్చి తూర్పుకే తోశాడు. గొట్టం తిరగలేదు గానీ ముగ్గురూ పొయ్యి మీద పడ్డారు.

ఒళ్ళంతా బూడిద దులుపుకుంటుంటే పుల్లప్పకు మెరుపులాంటి ఆలోచన వచ్చింది. మన గానుగను మనం తిప్పుతున్నామా? మల్లిగాడు తిప్పుతాడు. కళ్ళకు గంతలు కడితే చాలు, పొద్దస్తమానం వాడే తిరుగుతాడు. బోరు కూడా వాడే తిప్పాలి. అంతే, వడ్రంగి వీరాచారి దగ్గరికి పరిగెత్తారు. ఆయన విన్నాడు, బాగుందే అన్నాడు. పెరట్లోకే అనుకున్నాడు పాపం, వంటింట్లోకని ఆయనకేం తెలుసు? మంచి చట్రం ఒకటి చేసి ఇచ్చాడు. నడిమధ్య ఇనుప పట్టు గొట్టాన్ని గట్టిగా కరుచుకుంటుంది. పట్టుకు పొడవాటి దూలం. దూలం చివర ఎద్దు. ఎద్దు నడిస్తే దూలం తిరుగుతుంది, దూలంతో గొట్టం తిరుగుతుంది. పైన బరువు పెట్టండి, గొట్టం దానంతట అదే దిగుతుంది, మీరు మాత్రం చెయ్యి వేయకండి, నలుగుతుంది అని మరీ మరీ చెప్పాడు.

చెయ్యి వేయొద్దన్నాడు కదా! బండిలోకి ఎక్కించడానికి కూడా చెయ్యి వేయలేదు. తలలతో నెట్టారు, మోచేతులతో ఎత్తారు, వీపుల మీద దొర్లించారు. చూసేవాళ్ళు నోరెళ్ళబెట్టారు. మాట వినే మనుషులంటే మేమే అన్నట్టు చూశారు వీళ్ళు.

వంటింట్లో చట్రం నిలబెట్టారు. మల్లిగాణ్ణి గుమ్మంలోంచి లోపలికి తోలి, గంతలు కట్టి, దూలానికి కట్టారు. మల్లిగాడు రెండడుగులు వేశాడు, ముక్కు గోడకు తగిలింది, ఆగిపోయాడు. ముగ్గురూ బుర్రలు గోక్కున్నారు. దూలం కురచగా కోద్దామా అన్నాడు తిరుపాలు. వీరాచారి అంత కష్టపడి చేస్తే కోస్తావా, మనసు ఎట్లా వస్తుందిరా అని పుల్లప్ప కసిరాడు. కాబట్టి గోడ తీసేశారు. మల్లిగాడు ఇంకాస్త నడిచాడు, ఇంకో గోడ. దాన్నీ తీసేశారు. అట్లా ఎద్దు నడిచినకొద్దీ వీళ్ళు గోడలు పడగొట్టుకుంటూ పోయారు. మట్టిగోడలు, పైన బోదగడ్డి కప్పు. గోడల్లేక కప్పు కిందికి వంగింది. దాన్నీ లాగి అవతల పారేశారు. వానొస్తే ఎట్లా నాయనా అన్నాడు తిరుపాలు. వానొస్తే నీళ్ళే కదరా వస్తాయి, మనకు కావలసిందీ అవే కదా అన్నాడు పుల్లప్ప. గుమ్మాన్ని మాత్రం ముట్టుకోలేదు. పసుపు రాసి పూజించిన గుమ్మం, పీకితే పాపం. గుమ్మం, తలుపు, పొయ్యి, బోరు, అంతే మిగిలింది ఇల్లు.

ఎద్దు తిరిగింది. గొట్టం మాత్రం దిగలేదు. పైన బరువు పెట్టమన్నాడని గుర్తొచ్చింది. ముగ్గురిలో బరువైనవాడు ఓబులప్ప, ఆయన ఎక్కి కూర్చున్నాడు. కూర్చుని గిర్రున తిరగడం మొదలుపెట్టాడు. నాలుగు చుట్లు తిరిగాడో లేదో, అన్నా, గుమ్మం తిరుగుతోంది పట్టుకోండి అని కేకేశాడు. పుల్లప్ప, తిరుపాలు పరిగెత్తుకెళ్ళి చెరో పక్కా గుమ్మాన్ని పట్టుకుని కాళ్ళు తన్నిపెట్టి నిలబడ్డారు. ఆగిందా అని అడిగితే ఇంకా తిరుగుతూనే ఉందన్నాడు. పొద్దుగూకేదాకా పట్టుకునేసరికి చేతులు లాగేశాయి. చివరికి పుల్లప్ప తలుపు మూసి తాళం వేసి తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు. తాళం పడ్డాక ఇక ఎక్కడికి పోతుంది అన్నాడు. ఆ రోజు నుంచి లోపలికి పోవాలన్నా బయటికి రావాలన్నా తాళం తీసి తలుపులోంచే. ఓబులప్ప దిగిన తర్వాత కూడా కాసేపు చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు, అది వేరే సంగతి.

గొట్టం దిగుతోంది గానీ నీటిచుక్క లేదు. అంతా ఎండుమట్టే. తిరుపాలు రోజూ దారప్పోగు చేతిలో పట్టుకుని, ఇది కదిరి చెయ్యంత అని చూసుకుంటూ కూర్చున్నాడు. కొడుకు మొహం చూడలేక పుల్లప్ప తెగ ఆలోచించాడు. ఆలోచించి లేచి తన నుదురు తనే కొట్టుకున్నాడు. గానుగోళ్ళమై ఉండి ఎంత పొరపాటు చేశాంరా అన్నాడు. గింజ వేయకుండా గానుగాడిస్తే నూనె వస్తుందా? నువ్వులు వేస్తే నువ్వుల నూనె, వేరుశనక్కాయలు వేస్తే వేరుశనగ నూనె. ఇన్నాళ్ళూ మనం ఉత్త బోరు ఆడిస్తున్నాం, లోపల ఏం వేశాం గనక నీళ్ళు వస్తాయి?

ఇంకేముంది! నీళ్ళున్న సరుకు ఏదా అని వెతికారు. దోసకాయలు. గానుగ దగ్గరున్న నూనె అంతా ఇచ్చి వంక ఒడ్డున ఉన్న పాదులన్నీ కోయించారు. ముక్కలు తరిగి గొట్టం చుట్టూ గుంటలో పోశారు. నువ్వులాడేటప్పుడు బెల్లం వేస్తే నూనె బాగా విడుతుంది కదా, అందుకని బెల్లం కూడా వేశారు. ఊళ్ళో చీమలన్నీ బారులు తీరి వచ్చాయి. చీమలు కుడుతుంటే వీళ్ళు ఎగురుతూ దోసకాయలు పోస్తూనే ఉన్నారు. దోసకాయల తడికి మట్టి మెత్తబడి గొట్టం సరసరా దిగసాగింది. చూశావా, గింజ పడగానే గానుగ ఎట్లా లాగుతోందో అన్నాడు పుల్లప్ప. చెప్పొద్దూ, ఒకరోజు గొట్టం ఎక్కడో గట్టి పొరను తెంచుకుని ఊట మీద పడింది. నీళ్ళు బుడబుడమంటూ గొట్టం నోటి దాకా ఉబికి, పొంగి, పొయ్యి పక్కనుంచి పారాయి.

ముగ్గురూ వంగి దోసిళ్ళతో తాగారు. తియ్యగా ఉన్నాయి. బెల్లం కాస్త ఎక్కువైంది అన్నాడు ఓబులప్ప. తిరుపాలు దారప్పోగు పరిచి చూశాడు, కొస సరిగ్గా నీళ్ళను తాకింది. వాడు కూలబడి భోరుమని ఏడ్చాడు, ఈసారి సంతోషంతో.

కదిరమ్మకు కబురు వెళ్ళింది. ఆ పిల్ల ఆ మాటకే కాచుకుని ఉన్నట్టు మరునాడే బయలుదేరింది. వీరాచారికి చూపించి మెచ్చుకోలు పొందాలని చట్రాన్నీ, బోరు సామానులో మిగిలిన ఇంకో మొన గొట్టాన్నీ బండికెత్తారు, మల్లిగాణ్ణి బండికి కట్టారు, ముగ్గురూ ఊరి బయటికి ఎదురెళ్ళి కోడలిని ఎక్కించుకొచ్చారు. బండి దిగి కదిరమ్మ చూసింది. గోడల్లేవు. కప్పు లేదు. ఒంటరిగా నిలబడిన గుమ్మం, దానికి మూసిన తలుపు, తలుపుకు తాళం. ఆ వెనక పొయ్యి, పొయ్యి పక్కన మిలమిలా నీళ్ళు.

పుల్లప్ప తాళంచెవి కోసం మొలతాడు తడుముకున్నాడు. లేదు. నీళ్ళు తాగడానికి వంగినప్పుడు బోరులో జారిపోయింది; నొక్కితే పడే తాళం కాబట్టి, ఎదురెళ్ళేటప్పుడు వేసినా ఆ సంగతి తెలియలేదు. అయ్యో, కోడలు ఇంటికొచ్చిన వేళ తాళం పడిందే అని ఒళ్ళంతా వెతుక్కున్నాడు. ఓబులప్ప అన్న తలపాగా విప్పి చూశాడు. తిరుపాలు ఎద్దు చెవిలో చూశాడు. ముగ్గురూ తలలు వంచుకుని వెతుకుతుంటే, కదిరమ్మ పెట్టె పట్టుకుని గుమ్మం పక్కనుంచి నడిచి లోపలికి వెళ్ళింది. పొయ్యి ముందు కూర్చుంది. చెయ్యి చాపింది. వేలి కొసకు చల్లగా నీళ్ళు తగిలాయి. తన చెయ్యి కొలత ఆ ముసలాయన ఎందుకు తీసుకెళ్ళాడో అప్పుడు తెలిసింది ఆ పిల్లకు. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. వీళ్ళను వదిలి నేనెక్కడికి పోతాను అనుకుని పొయ్యి రాజేసి ఎసరు పెట్టింది.

ఎసరు కాగేదాకా చూసి పిలిచింది. "మామా, అందరూ లోపలికి రండి."

ముగ్గురూ తలలెత్తారు. కోడలు లోపల ఉంది! తాళం వేసిన ఇంట్లోకి ఎట్లా దూరిందో వాళ్ళకు అంతు పట్టలేదు. పక్కనుంచి రండి అని ఆ పిల్ల చెయ్యి ఊపి చూపించింది. సొంత ఇంట్లోకి దొంగల్లాగా పక్కనుంచి రావడమేంటమ్మా, మానం మర్యాదా లేదా అన్నాడు పుల్లప్ప. ఓబులప్ప అయితే కోడలి తెలివికి దండం పెట్టాడు.

మరి లోపలికి పోయేదెట్లా? చట్రం బండిలోనే ఉందిగా. తలుపుకు బొక్క వేద్దాం, ముందు అందులోంచి లోపల ఎట్లా ఉందో చూద్దాం అన్నారు. ఎసట్లో బియ్యం పోస్తూ కదిరమ్మ ఇదంతా చూస్తూనే ఉంది. బోరు నిలువుగానే దిగుతుంది, తలుపేమో నిలబడి ఉంది. ఏం చేయాలి? పసుపు గుమ్మానికి దండం పెట్టి, పాపం మా మీదే అని చెంపలేసుకుని, తలుపుతో సహా గుమ్మాన్ని పీకి నేల మీద వెల్లకిలా పడుకోబెట్టారు. దాని మీద చట్రం నిలబెట్టి, మొన గొట్టం బిగించారు. మల్లిగాడు తిరిగాడు, ఓబులప్ప తిరిగాడు, తలుపుకు చక్కగా బొక్క పడింది.

అన్నం ఉడికింది రండి అని కదిరమ్మ పిలుస్తూనే ఉంది. తిరుపాలు గబగబా బోర్లా పడుకుని బొక్కకు కన్ను ఆనించి లోపలికి చూశాడు. చూసి, నోటి మీద వేలు పెట్టుకుని మెల్లగా లేచాడు.

"అరవకు నాయనా. లోపలంతా చీకటిగా ఉంది. పాపం అలిసిపోయి వచ్చింది, దీపం ఆర్పేసి పడుకున్నట్టుంది."