జంబయ్య గూటం ఎక్కడుంది?

ఎర్రగుట్ట కింద మూడు ఉమ్మడి చేలు ఉండేవి. ఒకటి వేరుశనగ, ఒకటి కంది, ఒకటి కొర్ర. కౌజుపిట్ట ఒక్కతే చేను దున్నగలదా? కుందేలు దున్నగలదా? అందుకని ఆ చుట్టుపక్కల జీవాలన్నీ తలా కాసిన్ని గింజలు తెచ్చి మల్లన్న అనే ఎద్దుకిచ్చేవి. మల్లన్న దున్ని, విత్తి, కాపు కాసేవాడు. గింజలిచ్చినవాళ్ళు తమకి నచ్చిన చేను గట్టున గుర్తుగా ఒక గూటం, అంటే కర్రమేకు, పాతుకునేవాళ్ళు. చేను ఏపుగా ఉంటే గూటం విలువ పెరుగుతుంది, వాడిపోతే తగ్గుతుంది. గూటం పీకితే ఆ విలువకి సరిపడా గింజలు చేతికొస్తాయి. ఇందులో మర్మమేమీ లేదు.

మర్మమంతా శిస్తులో ఉంది. ఆ అడవికి రాజు పెద్దపులి. గూటం నేలలో ఉన్నన్నాళ్ళూ రాజు దాని జోలికి రాడు. పీకిన రోజున మాత్రం, అప్పటిదాకా వచ్చిన లాభంలో వాటా అడుగుతాడు. పాతిన ఏడాదిలోపే పీకితే లాభంలో అయిదో వంతు, ఏడాది నిండాక పీకితే ఎనిమిదో వంతు. అసలు గింజల జోలికి పోడు, అంత మటుకు ధర్మాత్ముడే. ఈ వసూలు కోసం నెలకోసారి ఎలుగుబంటి దొర వచ్చి గుట్ట కింద బండ మీద కూచునేవాడు.

అటు చేనుకీ ఇటు శిస్తుకీ మధ్య బతికేవాడు ఒకడున్నాడు. నక్క జంబయ్య. ఏ చేను గట్టు నుంచి ఏ చేను గట్టుకి గూటం మారిస్తే లాభమో చెప్పడం, పీకి పాతి పెట్టడం, కూలి కింద దోసెడు గింజలు పుచ్చుకోవడం, ఇదీ వాడి పని. నక్క అన్నాక పిట్టని తినాలి గానీ గింజలు పుచ్చుకోవడం ఏమిటని మీరడగొచ్చు. ఓరి అమాయకులారా! తింటే ఒక్క పూట. దోసెళ్ళైతే ఏడాది పొడుగునా వస్తాయి, ఆ గింజలకి ఎలుకలూ వస్తాయి.

కౌజుపిట్ట కోటమ్మ కూడా వాడి ఖాతాదారే. ఊరికే నోరు మూసుకునే పిట్ట కాదది. చీమల బారు కనిపిస్తే ఎక్కడికని అడిగేది, మబ్బు కనిపిస్తే ఎందుకు కురవలేదని అడిగేది. "నీ ప్రశ్నలకి జవాబు చెప్పలేక నీ మొగుడు పారిపోయాడే" అని నెమలమ్మ ఏడిపించేది. అలాంటి కోటమ్మ, గింజల విషయంలో మాత్రం ఏడాదిగా ఒక్క ప్రశ్నా వెయ్యలేదు. జంబయ్య చెప్పేవి అంత పెద్ద పెద్ద మాటలుగా ఉండేవి మరి. అడిగితే తెలివితక్కువదనుకుంటారని భయం.

ఎండాకాలం చివరికొచ్చింది. కోటమ్మ రేగుపొద కింద పదకొండు గుడ్లు పెట్టి పొదుగుతోంది. ముందటేడు ముసుర్లో గింజ దొరక్క మూడు పిల్లలు దాని రెక్కల కిందే కన్నుమూశాయి. ఈసారి పన్నెండు మానికల గింజలు చేతిలో ఉంటే పదకొండు పిల్లలూ వానాకాలం గట్టెక్కుతాయి. అంతకన్నా ఒక్క మానిక తగ్గినా ఏదో ఒక పిల్ల ఆకలికి పోతుంది.

ఆ పూట జంబయ్య పొద దగ్గరికొచ్చి తోక సర్దుకుని కూచున్నాడు.

"కోడలా, శుభవార్త! గుట్ట మీద కొత్తగా నువ్వుల చేను వేస్తున్నారు. నీ గూటం కొర్ర చేలోంచి పీకి అక్కడ పాతేద్దాం. వానలు పడేలోపు ఇరవై మానికలు!"

"ఇప్పుడెంతుంది మామా?"

"పదమూడు. పదమూడుతో ఏం చేస్తావ్, పిచ్చిదానా? పిల్లలకే సరి. వచ్చే ఏడాదికి విత్తనాలో?"

"రెండు నెలల కిందటే కదా కందిలోంచి కొర్రకి మార్చారు?"

"అప్పుడు కొర్ర టైము. ఇప్పుడు నువ్వుల టైము. చూస్తూ కూచున్నవాళ్ళకి చూపులే మిగులుతాయి."

"మరి శిస్తు?"

"శిస్తు ఎలాగూ కట్టేదే కదే! ఇప్పుడైతేనేం, అప్పుడైతేనేం? ఎల్లుండి ఎలుగు దొర వస్తాడు. ఆ రోజే పని కానిచ్చేద్దాం" అని లేచి, కుందేలు బొరియ వైపు హుషారుగా వెళ్ళిపోయాడు.

కోటమ్మకి ఇరవై మానికలు కళ్ళ ముందు మెదిలాయి. అవునందామనే అనుకుంది కూడా. కానీ "ఇప్పుడైతేనేం, అప్పుడైతేనేం" అన్న మాట దాని బుర్రలో తిష్ట వేసింది. నిజంగా తేడా ఉండదా? ఉండకపోతే రాజుగారు ఏడాది లోపల ఒక లెక్క, దాటాక ఒక లెక్క ఎందుకు పెట్టినట్టు? గుడ్లు చల్లబడేలోపు తిరిగిరావాలి. ఎండు గడ్డి పైన కప్పి, గునగునా చేను వైపు పరిగెత్తింది.

వేరుశనగ చేను గట్టు మీద మల్లన్న నెమరు వేస్తున్నాడు. పక్కన తాబేలు తాత ఎండకి వీపు ఆరబెట్టుకుంటున్నాడు.

"తాతా, మనిద్దరం ఒకే రోజు గింజలిచ్చాం కదూ?"

"అవునమ్మా. పోయినేడు తొలకరికి ముందు. నువ్వు పది మానికలు, నేను పది మానికలు."

"తరవాత నువ్వెన్నిసార్లు గూటం మార్చావు?"

"మార్చడమా?" తాత బోసినోరు తెరిచి నవ్వాడు. "నేను కంది చేను దాకా నడిచేసరికి కంది కోతలైపోతాయి. జంబయ్య చెప్పిచెప్పి విసిగిపోయి నన్ను వదిలేశాడు. అసలు నాకో గూటముందని మొన్నటిదాకా మర్చేపోయాను."

"మల్లన్నా, తాత గూటం ఇప్పుడెంత పలుకుతుంది?"

"పద్దెనిమిది" అన్నాడు మల్లన్న. "ఏడాది నిండింది. పీకితే ఎనిమిది మానికలు లాభం. అందులో ఎనిమిదో వంతు, అంటే ఒక మానిక రాజుకి. పదిహేడు చేతికి."

కోటమ్మ మనసులో లెక్కేసుకుంది. ఏడుసార్లు మార్చింది తను. ప్రతిసారీ జంబయ్య "నీ అంత చురుకైన పిట్ట లేదు" అన్నాడు. చురుకైన పిట్టకి పదమూడు, మతిమరుపు తాబేలుకి పదిహేడు!

"నా నాలుగు మానికలు ఎవరు తిన్నారు మల్లన్నా?"

"ఎవరో ఒకరైతే చెప్పొచ్చు. పీకిన ప్రతిసారీ జంబయ్యకి దోసెడు. పీకిన ప్రతిసారీ లాభంలో అయిదో వంతు దొరకి, ఎందుకంటే నీ గూటం ఏ చేలోనూ ఏడాది నిలవలేదు. మారిన ప్రతిసారీ ఏడాది లెక్క మళ్ళీ మొదటికొస్తుంది. పైగా పొరుగింటి పుల్లకూర రుచి అన్నట్టు, ఒక చేను పచ్చగా కనిపించాక నువ్వు అక్కడికెళ్తావు. అప్పటికి అది పెరగాల్సినంతా పెరిగిపోయి ఉంటుంది."

"శిస్తు ఎలాగూ కట్టేదే కదా, ఎప్పుడైతేనేం అన్నాడే మామ?"

మల్లన్న నెమరు ఆపాడు. "ఇవాళ కట్టేసిన గింజ ఇంక మొలవదమ్మా. రేపు కట్టే గింజ రేపటిదాకా నీ చేలోనే ఉండి, పిల్లల్ని పెడుతుంది. ఆ పిల్లలు నీవి. తేడా లేదంటాడేమిటి?"

"ఇన్నాళ్ళూ ఈ ముక్క నాకెందుకు చెప్పలేదు?" కోటమ్మకి కోపంతో ఈకలు నిక్కబొడుచుకున్నాయి.

"నువ్వడిగావా? అడగందే అమ్మైనా పెట్టదు."

ఆ మాట దానికి సూటిగా తగిలింది. చీమల్ని అడిగింది, మబ్బుల్ని అడిగింది, తన పిల్లల తిండి సంగతి అడగలేదు. సిగ్గేసింది. సిగ్గుతో తల వంచి గట్టు వెంబడి నాలుగడుగులు వేసిందో లేదో, కాలికేదో తగిలింది. చూస్తే ఒక పాత గూటం. చుట్టూ తిప్పతీగ అల్లుకుపోయింది. అంగుళం కూడా కదిలిన జాడ లేదు.

"ఇదెవరిది మల్లన్నా?"

"అదా? జంబయ్యది. నాలుగేళ్ళయింది పాతి. రోజూ పొద్దున్నే వచ్చి ఎవరైనా కదిపారేమోనని చూసుకుపోతాడు."

కోటమ్మ ఆ గూటం చుట్టూ మూడుసార్లు తిరిగింది. అటునుంచి చూసింది, ఇటునుంచి చూసింది. ఏదో తోచినట్టుంది, ఇంకేమీ అడక్కుండా గుడ్ల దగ్గరికి వెళ్ళిపోయింది.

ఎల్లుండి రానే వచ్చింది. ఎలుగుబంటి దొర బండ మీద కూచుని ఇప్పపూలు నములుతున్నాడు. కుందేలు, నెమలమ్మ, ముళ్ళపంది, ఇంకో పాతిక జీవాలు నువ్వుల చేనుకి మారడానికి వరసలో నిలబడ్డాయి. జంబయ్య అటూ ఇటూ తిరుగుతూ ఒకటే హడావిడి.

"తోసుకోకండి! అందరికీ నువ్వుల చేలో చోటుంది! ఏం కోడలా, నువ్వు కూడా వచ్చేశావా? ముందు నీదే పీకుదాం."

"నాది తరవాత మామా" అంది కోటమ్మ చాలా వినయంగా. "పాపం మీరు మాకోసం ఎంత తిరుగుతున్నారు! తిరిగి తిరిగి మీ సంగతే చూసుకోలేదు. మీ గూటం నాలుగేళ్ళుగా ఆ వేరుశనగ చేలోనే పడుంది, తీగ కూడా అల్లుకుంది. నువ్వుల చేనులో ఇంత లాభముంటే మీకు రావద్దూ? ముందు మీది మారుద్దాం. మీ కూలి దోసెడు నేనిస్తాను."

జంబయ్య నవ్వు కొంచెం తగ్గింది. "నాది... తరవాత చూద్దాంలే."

"తరవాతెందుకు? ముళ్ళపందన్నా, తవ్వడంలో నిన్ను మించినవాళ్ళు లేరు. నువ్వు కాస్త సాయం పట్టు."

ముళ్ళపంది మంచోడు, చెప్పిన పని చేసేవాడు. పరిగెత్తి వెళ్ళి గూటం మొదట్లో రెండు తట్టల మట్టి లేపేశాడు. "పీకెయ్యనా మామా?" అని అక్కణ్ణించి కేకేశాడు.

"ఆగు! ముట్టుకోకు దాన్ని!" జంబయ్య గొంతు చించుకున్నాడు. "నాలుగేళ్ళ లాభముంది దాంట్లో! పీకితే ఎనిమిదో వంతు దొర పట్టుకుపోడూ? బుద్ధున్నవాడెవడైనా పండే చేలోంచి గూటం పీకుతాడట్రా!"

అన్నాక గానీ తను ఏమన్నాడో వాడికే తెలియలేదు. కుందేలు చెవులు రెండూ పైకి లేచాయి.

"మామా," అంది కుందేలు మెల్లగా, "నాది తొమ్మిదిసార్లు పీకించావే?"

"నాది ఆరు!" అంది నెమలమ్మ.

"నాది ఏడు" అంది కోటమ్మ. "ఏడు దోసెళ్ళు ఇచ్చాను. మాకు బుద్ధి లేదనా మామా?"

జంబయ్య తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. వరస చెదిరిపోయింది. నువ్వుల చేనూ వద్దు, నీ సలహా వద్దు అని ఎవరి గూటం దగ్గరికి వాళ్ళు కాపలాకి పరిగెత్తారు.

అంతలో ఎలుగుబంటి దొర గొంతు సవరించుకున్నాడు. "ఉండండుండండి. ఈ దోసెళ్ళ మాట నాకు కొత్తగా ఉంది. ఏమోయ్ జంబయ్యా, కూలి పుచ్చుకుంటున్నావా?"

"కూలేమిటి దొరా! ప్రేమకొద్దీ ఇచ్చారు..."

"ప్రేమకొద్దీనా?" దొర జీవాల వైపు తిరిగాడు.

"కాదు దొరా! ఇవ్వందే గూటం ముట్టుకోడు!" అని అన్నీ ఒక్క గొంతుతో అరిచాయి. పిట్ట కొంచెం కూత ఘనం కదా, అందరికన్నా పైకి వినిపించింది కోటమ్మ గొంతే.

"అయితే అది రాబడే. రాబడి మీదా రాజుకి వాటా ఉందని నీకు తెలీదూ? తెలివైనవాడివే! నాలుగేళ్ళ దోసెళ్ళకి శిస్తు, దాచినందుకు అపరాధం. ఇవాళే కట్టాలి."

కట్టడానికి జంబయ్య దగ్గర గింజ ఉంటేగా! దోసెళ్ళన్నీ ఎలుకలకి ఎరవేసి తినేశాడు. మిగిలింది ఆ ఒక్క గూటమే. "ముళ్ళపందీ, పీకెయ్" అన్నాడు దొర. ముళ్ళపంది ఒక్క లాగు లాగాడు. లాభంలో ఎనిమిదో వంతు పోయింది, కూలి శిస్తు పోయింది, అపరాధం పోయింది. చివరికి జంబయ్య చేతిలో మిగిలిన గింజలు వాడి దోసిట్లోనే సరిపోయాయి. వాటిని పట్టుకుని, ఎవరి మొహమూ చూడకుండా గుట్ట అవతలికి నడిచాడు.

నాలుగు రోజులకి గుడ్లు చిట్లాయి. మరో వారానికి ముసురు పట్టింది. కోటమ్మ అప్పుడు తన గూటం పీకింది. కొర్ర చేలో రెండు నెలల్లో వచ్చిన లాభం కొంచెమే గనక శిస్తు గుప్పెడైంది. పన్నెండు మానికలు పిల్లల కోసం పొద కిందికి చేరాయి. తక్కిన కాసిన్ని గింజలూ మల్లన్నకిచ్చి, వేరుశనగ చేను గట్టున ఒక పుల్ల పాతుకుంది. గూటం అనడానికి కూడా లేదది, పుల్ల. ముసురు వెలిసిన రోజున రేగుపొద కిందినించి పిల్లలు ఒక్కొక్కటే బయటికొచ్చాయి. కోటమ్మ లెక్కపెట్టింది. నమ్మకం చాలక మళ్ళీ లెక్కపెట్టింది. పదకొండూ ఉన్నాయి.

నీతి: గింజలు ఎక్కడ పెట్టాలో చెప్పేవాణ్ణి, నీ గింజలెక్కడ పెట్టావని ముందు అడుగు, కూలీ శిస్తూ పోగా చేతికి మిగిలిందే లాభం.