మల్లెతోట వంతు

అనగనగా, వానలు అలిగి మొహం చాటేసిన ఒక ఏడు. పెన్నగిరి రాజ్యంలో చెన్నప్ప అనే నీరుగంటి ఉండేవాడు. చెరువు నీళ్లు పొలాలకు పంచడం అతని పని. అడుగున చిల్లున్న రాగిగిన్నెను తొట్టినీళ్లలో వదిలేవాడు. అది పదిసార్లు మునిగితే ఒకరి వంతు తీరినట్టు. ఎగువ మడి నుంచి దిగువకు వరుస. రాజుకైనా రైతుకైనా అదే వరుస.

ఆరోజు వంతు సూరమ్మది. మగదిక్కు లేని మనిషి. ఇద్దరు పసిపిల్లలు, ఒకే ఒక్క వరిమడి. పైరు పొట్టమీదుంది, కంకి వేయబోతోంది. ఈ తడి తప్పితే ఏడాదంతా పస్తులే.

చెన్నప్ప కాలువ నుంచి ఆమె మడికి నీళ్లు పారే మడవ తెరిచాడో లేదో, భటుడు వచ్చాడు.

"రాజుగారి మల్లెతోట వాడిపోతోంది. నీళ్లు అటు మళ్లించు."

"తోట వంతు ఎల్లుండి బాబూ" అన్నాడు చెన్నప్ప.

కాసేపటికి మంత్రి వచ్చాడు. మంత్రులు ఉత్తచేతులతో రారుగా, పట్టు ఉత్తరీయం తెచ్చాడు. చెన్నప్ప దణ్ణం పెట్టి, దాన్ని ముట్టుకోలేదు.

మూడోసారి కీర్తిసేన మహారాజే వచ్చాడు. ఆ మల్లెలు ఆయన స్వయంగా నాటినవి. వాటిమీద ప్రాణం.

"ఈ చెరువు మా తాత తవ్వించాడు. నీళ్లు నేనే మళ్లిస్తే ఆపేదెవరు?"

చెన్నప్ప చేతులు జోడించాడు.

"ఎవరూ ఆపలేరు ప్రభూ. సైన్యం తమది, చెరసాల తమది. మేం తప్పు చేస్తే ఆపడానికి తమరున్నారు. తమర్ని ఆపడానికి ధర్మం ఒక్కటే ఉంది. దానికి వేరే చేతులు లేవు. నా చేత్తో ఈ మడవ మూయలేను. మూస్తే తమరే మూయాలి."

అని పార అందించాడు.

రాజు విసురుగా మట్టిపెళ్ల తవ్వి ఎత్తాడు. ఎదురుగా గట్టుమీద సూరమ్మ. ఆమె బతిమాలలేదు, ఏడవలేదు. చిన్నపిల్లను దగ్గరికి లాక్కుని, నీళ్లవంకే చూస్తోంది. రాజు చేతిలో పార చాలాసేపు అలాగే ఉండిపోయింది.

చివరికి మట్టిని గట్టుమీద పోశాడు.

"ఆమె వంతు పూర్తికానీ" అన్నాడు.

తన వంతు వచ్చేసరికే మల్లెతోట సగం ఎండిపోయింది. రాజుకు కళ్లనీళ్లు తిరిగాయి. సూరమ్మ వరి మాత్రం నిండుగా ఈనింది. చెన్నప్పను ఎవరూ పల్లెత్తు మాట అనలేదు.

పిల్లలూ, రాజుకన్నా ధర్మం పెద్దది. ఆపేవారు లేనిచోట తనంతట తాను ఆగినవాడే రాజు.