దస్తగిరి గదిలో ఇంకొకడు

తలలో గడ్డ తీయించుకుని పట్నం నుంచి తిరిగొచ్చాక దస్తగిరికి కొత్త సంగతులు నిలవడం మానేశాయి. పాత పాటలన్నీ నోటికొచ్చు, చిన్నప్పుడు తిన్న తన్నులతో సహా అన్నీ గుర్తే. పొద్దున ఏం చేశాడో మాత్రం మధ్యాహ్నానికి మాయం. కొండమీది దర్గాలో బాబాకు శిష్యుడు కాబట్టి తిండికీ నీడకూ లోటు లేదు. వట్టి మతిమరుపైతే ఎలాగో సర్దుకునేవాడే.

అతన్ని వణికించింది వేరు. గదిలోకి వెళితే అతని లుంగీ ఎవరో ఉతికి ఆరేసి ఉంటారు, ఇంకా నీళ్లు కారుతుంటాయి. అద్దంలో చూసుకుంటే గడ్డం ఎవరో నీటుగా కత్తిరించి ఉంటారు. ఎవరి గడ్డం? అతనిదే! సంగతి మరిచిపోయినా ఆ భయం మాత్రం పోయేది కాదు.

ఆరోజు ఒకామె చంటిబిడ్డతో వచ్చి దండం పెట్టింది.

"నిన్న నువ్వు నుదుట ఊది పెట్టినాక పాలు తాగుతాండాడన్నా. నీ చేతుల్లోనే నిద్రపోయినాడు కదా."

దస్తగిరి ఆమెను ఎన్నడూ చూడలేదు. బిడ్డ మాత్రం అతన్ని గుర్తుపట్టి నవ్వాడు. దస్తగిరి వంటింట్లోకి పరిగెత్తాడు.

బాబా పొయ్యి ముందు జొన్నరొట్టెలు తడుతున్నాడు.

"బాబా, నా గదిలో ఇంకొకడు ఉండాడు. నా గుడ్డలు కట్టుకుంటాడు, నా నోటితో మాట్లాడతాడు. నిన్న ఎవరి బిడ్డనో ఎత్తుకున్నాడంట. రేపు ఆ బిడ్డను ఏమన్నా చేస్తే? నాకు తెలియను కూడా తెలీదే! వాణ్ని గదిలో పెట్టి తాళమెయ్యండి."

బాబా పెనం మీది రొట్టె తీసి అతని చేతిలో పెట్టాడు.

"తిను. వానికీ ఓ ముక్క ఉంచు."

"ఆ దొంగకా?"

"దొంగకు మాత్రం ఆకలి కాదా?"

దస్తగిరికి ఒళ్లు మండింది. గురువు మాట కాదనలేక రొట్టె తుంచాడు. ఒక ముక్క తిని, రెండోది పళ్లెంలో పెట్టి గుడ్డ కప్పాడు. వాడు వస్తే పట్టుకుందామని గోడకు ఆనుకుని, ఆ పళ్లెం వైపే చూస్తూ కూర్చున్నాడు.

చూస్తుండగానే వాకిట్లో ఉన్న ఎండ పొయ్యి దాకా వచ్చింది.

ఎదురుగా ఒక పళ్లెం, దాని మీద గుడ్డ. దస్తగిరి కళ్లు నులుముకున్నాడు. ఈ వంటింట్లోకి ఎప్పుడొచ్చాడో అతనికి తెలియలేదు. ఆకలిగా ఉంది.

"ఇదెవరిది బాబా?"

"నీదే. ఒకతను ఉంచినాడు."

"ఎవరు?"

"నువ్వంటే హడలిపోతాండాడు. నిన్ను గదిలో పెట్టి తాళమెయ్యమని మొరపెట్టుకున్నాడు."

అయితే వాడు ఇక్కడిదాకా వచ్చాడన్నమాట! దస్తగిరి వెనక్కి తిరిగి చూశాడు. గోడ తప్ప ఏమీ లేదు.

"నేనేం చేసినాను వానికి?"

బాబా పళ్లెం మీది గుడ్డ తీశాడు.

అందులో ఉన్నది రొట్టెలో సగం కంటే ఎక్కువే. అంత భయపడినవాడు పెద్ద ముక్క ఉంచాడు.

దస్తగిరికి ఏడుపొచ్చింది. ఆ ముక్కను చేతిలోకి తీసుకున్నాడు. తర్వాత రెండుగా తుంచి, చిన్నది నోట్లో పెట్టుకున్నాడు. పెద్దది పళ్లెంలో ఉంచి, గుడ్డ కోసం తడుముకున్నాడు.

బాబా గుడ్డ అందించాడు.

"గాలి తగిలితే గట్టిపడుతుంది. బాగా కప్పు."